పరకాల రోడ్డు మీద బాపు

పరకాల రోడ్డును కార్ల రేసు ఆటలోకి ఎక్కించాలని నాకు పట్టిన పిచ్చి ఇంతా అంతా కాదు. ఆ ఆట ఏ ఒక్కరి సొత్తూ కాదు. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా మార్చి పంపవచ్చు, మిగతావాళ్లు చూసి సరేనంటే కలుపుతారు. హనుమకొండ నుంచి ప్రతి మలుపూ కొలిచి, గీసి పంపాను. తనిఖీ చేసే ఆయనది ఫిన్లాండ్. ముఖం చూసింది లేదు గానీ, పెళ్లిచూపులకొచ్చిన మేనత్త కన్నా ఎక్కువ వంకలు పెడతాడు. "ఆ రోడ్డు బాగా తెలిసినవాళ్లతో ఒకసారి నడిపించి, రికార్డు పంపండి. అప్పుడు కలుపుతాం" అన్నాడు.

తెలిసినవాళ్లంటే మా నాన్న, బాపే. ముప్పై ఏళ్లు ఆ రూట్లో బస్సు నడిపాడు. ఎడమ కన్ను మందగించి, కంటి పరీక్షలో తప్పాక మళ్లీ స్టీరింగ్ ముట్టలేదు. బండి మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. బతిమాలి బతిమాలి, టేబుల్‌కు బిగించిన ఆట స్టీరింగ్ ముందు కూర్చోబెట్టాను.

మలుపులన్నీ అవలీలగా తిప్పాడు. తిన్నని రోడ్డు వచ్చేసరికి మాత్రం వేగం తగ్గించి, ఎడమ సగమంతా వదిలేసి కుడివైపు నుంచి పోయాడు. కన్ను అంతగా పోయిందా అనుకున్నాను. రికార్డు అలాగే పంపేశాను. మర్నాడు ఫిన్లాండ్ ఆయన అడగనే అడిగాడు: "రోడ్డు ఖాళీగానే ఉంది కదా, పక్కకెందుకు తప్పాడు? పొరపాటైతే ఇంకొకరితో నడిపించండి."

ఇంకొకరిని కూర్చోబెడితే బాపు ఇక ఎప్పటికీ ఆ కుర్చీ ఎక్కడు. భయపడుతూనే అడిగాను.

"ఎందుకు తప్పినవ్ బాపూ? ఎడమ దిక్కు కనవడలేదా?"

నన్ను ఎగాదిగా చూశాడు. "కోతల దినాలు గదా బిడ్డా. ఆడ సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు, అంచుకు రాళ్లు పెడ్తరు. వాళ్ల కష్టాన్ని తొక్కుకుంట పోతమా? రోడ్డు గీసినవ్ గని వడ్లు మరిచినవ్."

సిగ్గుతో చచ్చిపోయాను. రెండు కళ్లూ ఉండి చూడనిది నేనే.

ఆ మాటే రాసి పంపాను. ఫిన్లాండ్ ఆయన సారీ చెప్పాడు. తమ ఊళ్లో కాఫీ గింజలు ఇలాగే ఆరబోస్తారంటూ బ్రెజిల్ నుంచి ఒకామె వడ్ల బొమ్మలు గీసి పంపింది. వడ్లు తొక్కితే టైర్లు జారేలా మరొకరు కోడ్ రాశారు. రోడ్డు ఆటలో కలిసింది.

ఇప్పుడు బాపు రోజూ చాయ్ తాగి రేసుకు కూర్చుంటాడు. నిన్న ఏ దేశపువాడో వడ్ల మీదుగా దూసుకొచ్చి ఆయనను దాటిపోయాడు. బాపు స్టీరింగ్ వదలకుండానే గట్టిగా అరిచాడు.

"కండ్లు కనవడ్తలేవారా నీకు!"