ఐదో అంకం లేని ఫ్రెంచి

సూర్యకుమారి ఆంటీ ఏ విషాద నాటకాన్నీ చివరిదాకా పోనివ్వదు. ఐదంకాల నాటకంలో నాలుగో అంకం అవగానే పుస్తకం మూసేసి పొయ్యి మీద బాణలి పెడుతుంది. ఆవిడలో వంక పెట్టాలంటే ఇదొక్కటే, మిగతావన్నీ విశేషాలు.

కెనడాలో, కనాటా అనే ఊళ్ళో ఆవిడింట్లో ప్రతి ఆదివారం ఫ్రెంచి క్లాసు. కాలేజీలకని మన పిల్లలు విమానాలకి విమానాలు దిగుతున్న రోజులవి. ఫ్రెంచి వస్తే అక్కడే స్థిరపడే అనుమతికి, అదే పీఆర్‌కి పాయింట్లు కలుస్తాయని తెలిసి అంతా ఆవిడ హాల్లో వాలిపోయారు. ఆవిడేమో ఎప్పుడో లైబ్రరీవాళ్ళు వదిలించుకున్న అట్టపెట్టెడు పాత నాటకాలు చదివి భాష నేర్చుకున్న మనిషి. అన్నీ మూడు వందల ఏళ్ళ కిందటి రాజులు, కూడని ప్రేమలు, కన్నవాళ్ళ ద్రోహాలు. బస్సు ఎన్నింటికని అడగడం ఆవిడకే సరిగ్గా రాదు.

ఫలితం ఎలా ఉంటుంది మరి? క్లాసులో అభిరామ్ అనే కుర్రాడు నది దాటి, ఫ్రెంచి మాట్లాడే గాటినోలో కాఫీకి వెళ్ళి, చక్కెర వెయ్యలేదని చెప్పబోయి, "ఓ నిర్దయ విధీ! ఈ చేదును నా పెదవులకు రాసిపెట్టినదెవరు?" అన్నాడు. కౌంటర్లో పిల్ల గుండె కరిగి కాఫీ మార్చి, పైగా ఓ డోనట్ కూడా ఇచ్చింది.

"చూశావా! మామూలు ఫ్రెంచికి డోనట్ ఇస్తారా?" అంది ఆంటీ.

ఆ ఏడు నడుస్తున్న నాటకంలో రాజుగారి కూతురు శత్రువు కొడుకుని ప్రేమించింది. ఆదివారానికో రంగం. నాలుగో అంకం చివర రాజుకి సంగతి తెలిసి కత్తి పట్టుకున్నాడు. ఆంటీ టక్కున పుస్తకం మూసేసింది.

"తర్వాత ఏమైందాంటీ?"

"తర్వాత పకోడీలు."

"కూతుర్ని చంపేశాడా?"

"నువ్వు ఉల్లిపాయలు కొయ్యి."

ఈలోగా స్మోక్ అలారం కుయ్యోమంటుంది. ఆంటీ భర్త కేశవరావు గారు తువ్వాలు పట్టుకుని దాని కింద నిలబడి విసురుతుంటారు. ఇరవై ఏళ్ళుగా ఆయనకి ఐదో అంకమంటే అదే.

అందరూ నవ్వారు, చాందిని తప్ప. కోదాడలో చాందిని నాన్న రామమోహనరావుకి, అభిరామ్ నాన్న ఆంజనేయులుకి రెండు రైస్ మిల్లుల మధ్య గోడ మీద పన్నెండేళ్ళుగా కేసు. "ఆ ఇంటి గాలి సోకిందని తెలిసిందా, చదువు మధ్యలోనే వెనక్కి పిలిపిస్తా" అని విమానమెక్కే ముందే చెప్పాడాయన. ఆ పిల్ల కెనడా అంతా వదిలి సరిగ్గా ఆ ఇంటి గాలినే ప్రేమించింది. సంగతి ఆంటీ ఒక్కదానికే చెప్పుకుంది. చదువు ఇంకొక్క సెమిస్టర్ ఉంది.

రెండు వారాలకి, ఓ ఆదివారం పొద్దున చాందిని క్లాసుకి కాస్త ముందే వచ్చింది. వంటింట్లోంచి ఆంటీ ఫోన్లో మాట్లాడుతున్న గొంతు.

"అవును రామమోహనరావు గారూ, శత్రువు కొడుకునే. మొండిగా ఉంది పిల్ల."

చాందిని గబగబా వంటింట్లోకి వెళ్ళింది. ఎవరికి చెప్పుకుందో వాళ్ళే ముంచారు!

"ఎన్నాళ్ళ నుంచి ఆంటీ, మా నాన్నకి చేరవేస్తున్నారు?"

"ఎనిమిది నెలలు," అంది ఆంటీ తొణక్కుండా. "మా పిల్ల మీద ఓ కన్నేసి ఉంచండి, వారం వారం చెప్పండి అని మీ నాన్నే అడిగారు. పెద్దాయన అడిగితే కాదంటానా? ఇంద, మాట్లాడు." ఫోను చేతిలో పెట్టి స్పీకర్ నొక్కింది.

అవతల రామమోహనరావు. "ఏమ్మా, నువ్వన్నా చెప్పరాదు! ఆ రాజు కత్తి పట్టుకుని రెండు వారాలైంది. నిద్ర పడతల్లేదు నాకు. పిల్లని ఏం చేసిండు?"

చాందిని నోరు తెరిచింది. ఎనిమిది నెలలుగా ఆంటీ చేరవేసింది నాటకాన్నే!

"నాకూ తెలీదు నాన్నా. అక్కడికి రాగానే ఆంటీ పకోడీలు వేసేస్తారు."

రామమోహనరావు గొంతు తగ్గించాడు.

"ఆ శత్రువు కొడుక్కి ఆంజనేయులు ముక్కే వచ్చిందా?"

చాందిని ఆంటీ వైపు చూసింది. "...కొంచెం నాన్నా."

"నాకు రెండో అంకంలోనే అర్థమైందిలే."

"మరి ఎందుకు ఊరుకున్నారు?"

"ఆ రాజుకి బుద్ధి వస్తదేమోనని చూస్తున్నా. వాడు మాట్లాడనిస్తేగా పిల్లని! ఎప్పుడు చూడు కత్తి, కత్తి." ఓసారి గొంతు సవరించుకున్నాడు. "నువ్వు చదువు పూర్తి చెయ్యి. తర్వాత ఇద్దరూ కలిసి రండి, కూర్చుని మాట్లాడుకుందాం. గోడ కేసు మాత్రం వదిలేది లేదు. పెళ్ళి పెళ్ళే, కేసు కేసే!"

ఫోను పెట్టేసి చాందిని ఆంటీ మెడ చుట్టేసి ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. "పుస్తకంలో నిజంగా ఏమైందాంటీ?"

"అందరూ పోయారే. ఒక్కరూ మిగల్లేదు. వాళ్ళు చచ్చింది ప్రేమవల్ల కాదు, ఓ ఆదివారం కూర్చుని గంటసేపు మాట్లాడుకోకపోవడంవల్ల. నాకు ఆ పేజీలంటే ఒళ్ళు మంట."

ఆ రోజు క్లాసు మొదలవకుండానే బాణలి ఎక్కింది. అలారం కుయ్యోమంది. కేశవరావు గారు తువ్వాలుతో పరిగెత్తారు. మంచు దులుపుకుంటూ లోపలికొచ్చిన అభిరామ్ బిత్తరపోయాడు.

"అప్పుడే ఐదో అంకమా? ఏమైందాంటీ?"

"నువ్వు ముందు తిను," అంది ఆంటీ ప్లేటు అందిస్తూ. "తిని, మీ నాన్న నంబరు చెప్పు."

"మా నాన్నదా? ఎందుకు?"

"వచ్చే ఆదివారం ఆయనకి మొదటి అంకం మొదలుపెట్టాలి."