కణాలకు ఆదివారం మేత లేదు

ఆత్మకూరు ప్రయోగశాలను గురించి హైదరాబాదు పత్రిక ఒకటి ప్రచురించిన వ్యాసంలో లిదియమ్మ పేరు లేదు. ఆమె వల్ల బయటపడిన సంగతి మాత్రం ఉన్నది. దానికి ముందు ‘అదృష్టవశాత్తు’ అనే మాట తగిలించి ఉన్నది. ఆ సంచిక నా దగ్గర ఉన్నది, ఆమె చెప్పిన సంగతిని నమోదు చేసిన ప్రయోగశాల నివేదికా ఉన్నది. రెండూ పక్కపక్కన పెట్టుకొని చదివితే ఒళ్లు మండుతుంది. అదృష్టం వచ్చి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందని తెలిసి కూడా నోరు విప్పి చెప్పిన మనిషి ఒకరున్నారు.

లిదియమ్మది ఉదయగిరి. తండ్రి సామ్యేలు ప్రాథమిక పాఠశాల పంతులు, బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆదివారం విశ్రాంతిదినమని ఆ ఇంట్లో పొయ్యి వెలిగించరు. శనివారమే రెండు రోజులకు సరిపడా వండుకొంటారు. జంతుశాస్త్రంలో డిగ్రీ ముగించిన లిదియమ్మ, 1996లో డాక్టర్ మాధవ్ ఆత్మకూరులో నెలకొల్పిన చిన్న ప్రయోగశాలలో తాత్కాలిక ఉద్యోగిగా చేరింది. వారమంతా అక్కడే గది తీసుకొని ఉండి, శనివారం సాయంత్రం బస్సులో ఇంటికి వచ్చేది.

రక్తం ఏ గ్రూపుదో తేల్చడానికి ఆస్పత్రులలో వాడే చుక్కల మందును తయారుచేయడం మాధవ్ సంకల్పం. ఆ మందులో పనిచేసేది యాంటీబాడీ. దాన్ని తయారుచేసే కణాలను పోషకద్రవంలో పెంచాలి. ఎకాఎకిన పెద్ద ఉక్కుపాత్రలో మొదలుపెడితే ఒక్క పొరపాటుకు మొత్తం పారబోయవలసి వస్తుంది. అందుకని ఆయన ముందుగా చెంబంత గాజుపాత్రలు నాలుగు చేయించారు. కలియబెట్టే రెక్క, గాలి గొట్టం, వేడిమిని, పులుపును కొలిచే కడ్డీలు, పెద్దదానిలో ఉన్నవన్నీ వీటిలోనూ చిన్న ప్రమాణంలో ఉండేవి. ఇక్కడ కుదిరిన పద్ధతినే అక్కడ అమలుచేయాలి. ఈ చిన్న పాత్రల బాధ్యత లిదియమ్మది.

కణాలకు ప్రతిరోజూ చక్కెర కలిసిన ద్రవం కొంచెం పోయాలి. గొర్రెలున్న ఇంటివాడు కావడం చేత కాపలాదారు వెంగయ్య దాన్ని మేత అనేవాడు.

“ఏంది అమ్మణ్ణీ, నీ మందకు మేతేసినావా?”

“వేసినాను. నీ మందలాగ పక్కోళ్ల చేలో పడవులే ఇవి.”

“అరవను గూడా అరవవు గదా. ఆకలయితే నీకెట్ట తెలస్తాది?”

“రంగు చూస్తే తెలస్తాది. పసుప్పచ్చగా తిరిగితే పులిసినట్టు.”

“పులిసిన మందను నేనెక్కడా చూళ్లేదు తల్లీ!”

ఆదివారం కూడా మేత పోయాలని మాధవ్ మొదటిరోజే చెప్పారు. లిదియమ్మ తల ఊపింది. ఆ తరువాత తమ ఇంట్లో అన్నానికి చేసే ఏర్పాటే కణాలకూ చేసింది. శనివారం రెండు రోజులదీ ఒకేసారి పోసి బస్సెక్కేది. వారం మొత్తానికి ఎంత పోసిందీ రాయడమే అక్కడి అలవాటు కనుక, ఏ రోజు ఎంత అని ఎవరూ అడగలేదు. చెబితే ఉద్యోగం ఉండదనే భయంతో ఆమె చెప్పనూ లేదు.

చిన్న పాత్రలలో యాంటీబాడీ సమృద్ధిగా వచ్చింది. పెద్ద పాత్రలో అందులో సగం కూడా రాలేదు. వేరే షెడ్డులో ఉన్న దానికి మేత మాధవ్ స్వయంగా, ఏడు రోజులూ తప్పకుండా పోసేవారు; ఆదివారం చిన్న పాత్రల గది వైపు వచ్చేవారు కాదు. గాలి మార్చి చూశారు, రెక్క వేగం మార్చి చూశారు, రెండోసారీ అంతే. మూడోసారి కూడా ఇదే ఫలితమైతే మూసివేయవలసిందేనని పెట్టుబడి పెట్టినవారు తేల్చిచెప్పారు.

తన లోపం వల్ల చిన్న పాత్రలకు నష్టమే జరిగి ఉంటుందని లిదియమ్మ అంతవరకు అనుకొన్నది. అంత లోపం జరిగినా అవి బాగుంటే, ఏ లోపమూ లేని పెద్దది ఇంకా బాగుండాలి. అలా లేదంటే, రెంటికీ నడుమ మిగిలిన తేడా ఆదివారం ఒక్కటే. ఆ వారం ఇంటికి వెళ్లి, ఆరాధన తరువాత భోజనం దగ్గర తండ్రితో చెప్పింది.

“నాయనా, ఆదివారం వాటికి నేనేమీ పొయ్యడంలేదు. సారుకు తెలీదు.”

“ఆదివారం పని ముట్టకూడదు గదా.”

“ముట్టనని ఆయనకు చెప్పలేదు. చెప్తే తీసేస్తాడు.”

సామ్యేలు ముద్ద కలుపుతూ ఆగాడు. “ఆదివారం పని చెయ్యొద్దన్నాను గానీ, మిగతా ఆర్రోజులూ దాచిపెట్టమన్నానా? పొద్దున్నే పొయ్యి చెప్పు. తీసేస్తే ఇంటికి రా.”

“నేను అబద్ధం ఆడలేదు నాయనా. చెప్పలేదు, అంతే.”

“ఆ తేడా ఏందో మీ సారునే అడుగు.”

సోమవారం ఆమె మాధవ్ ఎదుట నిలబడి జరిగినదంతా చెప్పింది.

“ఎప్పట్నించి ఇట్ట?” అన్నారాయన.

“మొదట్నించీ సార్.”

“మొదట్నించా! గాలి తప్పనీ రెక్క తప్పనీ నేను కిందామీదా పడతా ఉంటే, పక్కన నిలబడి చూస్తా ఉండినావా?”

“పొయ్యకపోతే చెడతాయనే అనుకున్నాను సార్. బాగుపడతాయని తట్టలేదు.”

“బాగుపడినాయని ఎవరు చెప్పినారు నీకు? చూద్దాం. అందాకా నీ ఉద్యోగం మాట ఎత్తొద్దు.”

ఆయన రెండు చిన్న పాత్రలకు రోజూ మేత పోశారు. తక్కిన రెంటికి లిదియమ్మ తన పద్ధతిలోనే పోసింది. రోజువారీ పాత్రల దగ్గరికి ఆమెను రానివ్వలేదు. ఆ అవమానాన్ని ఆమె భరించింది.

ఫలితం స్పష్టంగా తేలింది. శనివారం అందిన చక్కెరను ఆ కణాలు ఆత్రంగా వాడుకొని ద్రవాన్ని పులియజేస్తున్నాయి. ఆదివారం చక్కెర నిండుకొంటే, తాము విడిచిన పులుపునే తిరిగి ఆహారంగా తీసుకొంటున్నాయి. పులుపు తగ్గి, పెరుగుదల నెమ్మదించి, యాంటీబాడీ ఎక్కువవుతున్నది. రోజూ మేత అందిన పాత్రలలో పులుపు పేరుకుపోతూనే ఉన్నది. దీన్ని విడమరచి చెప్పినవారు మాధవే. ఆ ఘనత ఆయనకు దక్కవలసిందే. కాని విడమరచడానికి ఆయన చేతికి ఒక సంగతి అందాలి కదా! అది అందించిన మనిషి పేరును మింగేసి ‘అదృష్టం’ అని రాయడం ఏ పత్రికాధర్మం?

మూడోసారి పెద్ద పాత్రకు శనివారపు మేత లిదియమ్మ చేతనే పోయించారు.

“సార్, మరి రేపు...” అన్నది ఆమె.

“రేపు దాన్ని ఎవరూ తాకేది లేదు, నేను కూడా. నువ్వు బస్సుకు పో. సోమవారం నాకంటే ముందు ఇక్కడుండాలి.”

సోమవారం ఆమె వచ్చి పెద్ద పాత్రకున్న గాజుకంత లోంచి చూసేసరికి ద్రవం పసుపు విరిగి ఎరుపుకు తిరిగి ఉన్నది. ఆ విడతలో చిన్న పాత్రలకు దీటుగా యాంటీబాడీ వచ్చింది. ప్రయోగశాల నిలిచింది, లిదియమ్మ ఉద్యోగమూ నిలిచింది. ఏ రోజు మేత ఆ రోజే రాయాలనీ, దానికింద ఇంకొకరు కూడా సంతకం చేయాలనీ మాధవ్ నియమం పెట్టారు. ఆమె ఉద్యోగాన్ని ఖాయం చేసే ఉత్తర్వు మరుసటి ఏడు గాని రాలేదు. ఆలస్యానికి కారణం ఆమె అన్నాళ్లు చెప్పకపోవడమేనని ఆయన దాచకుండా చెప్పారు, ఆమె ప్రశ్నించలేదు.