తాళాలాయన పూచీ

తాళాలాయన ఓ పట్టాన ఎవరినీ నమ్మడు. ముప్పై ఏళ్లుగా అదే మూడడుగుల బల్ల, అదే ఆకురాయి, అట్టలూడిన అదే పుస్తకం. మారు తాళంచెవి కావాలంటే ఆ పుస్తకంలో రెండు సంతకాలు పడాలి. అడిగినవాడిది ఒకటి, వాడికి పూచీ ఉండేవాడిది ఒకటి.

“పూచీ అంటే నిన్ను ఎరిగినవాడు కాదయ్యా. నువ్వు మోసం చేస్తే ఆ నష్టం నెత్తిన వేసుకునేవాడు” అని విడమరిచి చెబుతాడు. సగంమంది అక్కడే వెనక్కి తిరుగుతారు.

ఆ మధ్యాహ్నం చెల్లెలి మొగుడు వచ్చి బల్ల మీద సబ్బుబిళ్ల పెట్టాడు. దాని మీద బీరువా తాళంచెవి అచ్చు ఉంది. ఆ బీరువాలో చెల్లెలి పేరున ఉన్న ఇంటి కాగితాలుంటాయని ఇద్దరికీ తెలుసు.

“తాళంచెవి పోయింది బావా. సాయంత్రానికి కొత్తది చేసిచ్చెయ్.”

తాళాలాయన సబ్బును వేలితో నొక్కి చూశాడు.

“పోయిన తాళంచెవి, అచ్చు దిగడానికి మళ్లీ ఇంటికొచ్చిందా బావా?”

“ముందుజాగ్రత్తకి ఎప్పుడో తీసిపెట్టా.”

“ఇంకా తడే ఆరలేదు.”

“సొంత బావని కూడా అనుమానిస్తావా?”

“సొంతవాళ్లనే ముందు. పరాయివాడికి బీరువా ఎక్కడుందో తెలీదుగా. వెళ్లి పూచీని తీసుకురా.”

గంట తిరక్కుండా బావ తన భార్యను వెంటబెట్టుకొచ్చాడు. ఆమె తలెత్తకుండానే కలం అందుకుంది.

“రోజూ గొడవ పడలేను అన్నయ్యా. సంతకం పెట్టేస్తా, చేసిచ్చెయ్.”

తాళాలాయన పుస్తకం మీద అరచెయ్యి ఆనించాడు.

“పోతే పోయేది నీ సొత్తు. నువ్వే పూచీ ఉంటే, రేపు నష్టం ఎవర్ని అడుగుతావ్?”

పూచీదారు సంతకం గడిలో తన పేరే రాశాడు. ముప్పై ఏళ్లలో అదే మొదటిసారి.

“పూచీ నేనుంటా. కాబట్టి బీరువా నేనే వచ్చి తీస్తా. లోపలి కాగితాలన్నీ పేరుపేరునా రాసి, ముగ్గురం సంతకాలు పెడదాం. సరేనా బావా?”

“ఈ భాగ్యానికి నీ దగ్గరికే రావాలా!” బావ సబ్బును జేబులో కుక్కుకుని రుసరుసలాడుతూ వెళ్లిపోయాడు.

చెల్లెలు కదల్లేదు. అతను మలుపు తిరిగేదాకా చూసి, చేతిసంచి అడుగు నుంచి ఆ పోయిందన్న తాళంచెవే తీసి బల్ల మీద పెట్టింది.

“అసలు తాళమే మార్చెయ్ అన్నయ్యా.”

“కొత్తదానికి రెండు తాళంచెవులొస్తాయి. ఒకటి నా దగ్గర ఉంచనా?”

ఆమె అన్న మొహంలోకి ఓ క్షణం నిదానంగా చూసింది.

“వద్దులే. రెండూ నాకే ఇయ్యి.”