నడుము నిలిచింది, విజిల్ పోయింది

ఆ సాయంత్రం బాస్కెట్‌బాల్ ఆటలో, బుట్టకు తగిలి తిరిగొచ్చే బంతికి, అంటే రీబౌండ్‌కు, ఎగిరి నేల మీదికి దిగినప్పుడు నడుములో ఏదో కలుక్కుమంది. బంతి నా చేతిలోనే ఉంది. పక్కవాడికి ఇచ్చేసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కాసేపు వంగి నిలబడ్డాను. మందమర్రి కాలనీలో మాది సిమెంటు కోర్టు. ఎన్నిసార్లు ఎగిరితే అన్నిసార్లూ దాని మీదే దిగాలి. ఆటగాడికి నడుము నొప్పి ఒక వింతా అనుకుని ఆ రోజు ఆట పూర్తి చేసే ఇంటికి వెళ్లాను.

నా పేరు సమ్మయ్య. మా బాపు బొగ్గు బాయిలో పనిచేసిన మనిషి. మా దగ్గర గనిని బాయి అంటారు. నేను పొడుగు, బాస్కెట్‌బాల్ బాగా ఆడతాను. అందుకని కంపెనీ నన్ను టీములోకి తీసుకుని బాయి పైన, కార్మికులకు లాంపులిచ్చే గదిలో నౌకరీ ఇచ్చింది. పొద్దున లాంపులివ్వడం, సాయంత్రం ఆడటం. ఏ ఊళ్లో పోటీ అయితే ఆ ఊరికి పోవడం. ఆ నౌకరీ కన్నా నాకు ఆటే ముఖ్యం. ఆట లేకుండా నన్ను నేను ఎప్పుడూ ఊహించుకోలేదు.

మల్లేశ్ నాతోపాటు ఆడేవాడు. పొట్టివాడు, కాళ్లలో చురుకు, నోట్లో అంతకన్నా చురుకు. వాడు ఎదురుకాళ్లతో పుట్టాడు, అంటే తల్లి కడుపులోంచి తల కాక కాళ్లు ముందు వచ్చాయి. నడుము పట్టేసినప్పుడు అలాంటివాళ్లు కాలితో తంతే పట్టు విడుస్తుందని మావైపు గట్టి నమ్మకం. షిఫ్టు దిగిన కార్మికులు మల్లేశ్ ఇంటి ముందు బోర్లా పడుకునేవారు. వాడు పండ్లపుల్ల నములుతూనే ఒక్కొక్కరినీ తన్నుకుంటూ పోయేవాడు.

నా నొప్పి సంగతి తెలియగానే వాడు ఊరుకుంటాడా?

"బోర్ల పండు అన్నా. ఒక్క తన్ను తంతే గా నొప్పి బెల్లంపల్లి దాటాలె" అన్నాడు.

పడుకున్నాను. ఎడమకాలితో తన్నాడు. నిజం చెప్పొద్దూ, హాయిగా అనిపించింది. మర్నాడు మ్యాచ్ గెలిచాం. ఇక చూసుకోండి, అదొక ఆనవాయితీ అయి కూర్చుంది. ప్రతి మ్యాచ్ ముందూ కోర్టు పక్కన నేను బోర్లా పడుకోవాలి, టీమంతా చుట్టూ నిలబడాలి, మల్లేశ్ తన్నాలి. ఒకసారి నేను వద్దంటే మా కెప్టెనే ఒప్పుకోలేదు. "నీ నడుము కోసం కాదయ్యా, గెలుపు కోసం పండు" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వి పడుకున్నాను.

నొప్పి మాత్రం ఎక్కడికీ పోలేదు. మనిషిని చిక్కిపోయాను. సాయంత్రం కాగానే ఒళ్లు వెచ్చబడేది. సరిగ్గా ప్రాక్టీసు వేళకే కాబట్టి ఆడితే ఒళ్లు వేడెక్కదా అనుకున్నాను. నా భార్య సుగుణ చెయ్యి పట్టి చూసి, "గిది ఆట వేడి కాదు, జ్వరం. దవాఖానకు పోదాం" అని రోజూ అనేది. పోటీలు అయిపోనీ అని రోజూ అనేవాణ్ణి.

ఆ పోటీలు అయిపోకుండానే కరీంనగర్‌లో ఒక మ్యాచ్‌లో నా కాళ్లు మొరాయించాయి. ఎగరాలనుకున్నాను, ఎగరలేదు. బంతి నా తల మీదుగా పోయింది. మర్నాడు ఇంటి ముందు నడుస్తుంటే సుగుణ వెనక నుంచి పిలిచింది. ఎడమకాలి చెప్పు ఎక్కడో జారిపోయింది, ఆ సంగతి నాకు తెలియనే లేదు. అప్పుడు భయం వేసింది.

కంపెనీ దవాఖానలో ఎక్స్‌రే తీశారు. డాక్టరు దాన్ని వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసి, హైదరాబాద్ పొమ్మన్నారు. అక్కడి పెద్దాస్పత్రిలో మళ్లీ ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, వెన్నులోకి సూది గుచ్చి మందు ఎక్కించి తీసే ఫొటోలు. చివరికి పెద్ద డాక్టరు మంచం దగ్గరికి వచ్చారు.

"పాట్స్ స్పైన్ అంటారు. వెన్నుపూసకు టీబీ" అన్నారు.

"దగ్గు లేదు గద సార్ నాకు?"

"దగ్గు లేకుండా ఎముకకూ వస్తుంది. ఈవెనింగ్ ఫీవర్ వచ్చేదా?"

నేను నోరు తెరిచేలోపే సుగుణ అంది, "వచ్చేది సార్. పొద్దుమూకంగనే ఒళ్లు కాలుతుండె. చెప్తె ఇనలే." అంతటితో ఆగకుండా తన్నుల సంగతీ చెప్పేసింది.

డాక్టరు కళ్లద్దాలు తీసి నా వంక చూశారు. "పుచ్చిపోయిన ఎముక మీద తన్నించుకున్నారా? జబ్బు తన్నులవల్ల రాలేదు, అది ముందునుంచే ఉంది. కానీ ఇంకో గట్టి తన్ను పడితే రెండు కాళ్లూ పూర్తిగా పోయేవి."

ఛాతీ నుంచి తుంటి దాకా ప్లాస్టరు వేసి పడుకోబెట్టారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను, గుప్పెడు గోలీలు. ఇంజెక్షన్లు పొడిచి పొడిచి పిర్రలు గడ్డలు కట్టాయి. పక్కకు తిరగాలన్నా ఇంకొకరు తిప్పాలి. బెడ్‌పాన్ కూడా సుగుణే పెట్టాలి. పగలంతా తల మీద ఫ్యాను తిరగడం చూస్తూ ఉండేవాణ్ణి. అంతమంది మధ్య ఎగిరిన మనిషిని, దోమ వాలితే కాలు కదపలేని స్థితికి వచ్చాను. ఏడుపు కూడా రాలేదు, విసుగొచ్చింది. ఇప్పటికీ ఆ రోజులు తలచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది అలసటే.

మల్లేశ్ చూడటానికి వచ్చాడు. వార్డు తలుపు దగ్గరే నిలబడిపోయాడు. రమ్మంటే రాలేదు.

"గీ కాలు నరుక్కోవాలె అన్నా" అన్నాడు అక్కడి నుంచే.

"నీ కాలుతోని రాలేదని డాక్టరే చెప్పిండురా."

"నాకోసం చెప్తున్నవు" అని తెచ్చిన బత్తాయిలు పక్క మంచం వాళ్లకు ఇచ్చి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఎవరి నడుము మీదా కాలు పెట్టలేదట.

ఒక మధ్యాహ్నం సుగుణ నా పాదాలకు కొబ్బరినూనె రాస్తూ ఉన్నట్టుండి ఆగింది. "మల్లొకసారి కదిలియ్యి" అంది. నేనేమీ కదిలించానని నాకు తెలియదు. బొటనవేలు కదిలిందట. మళ్లీ ప్రయత్నించాను. కదిలింది. అప్పుడు ఏడ్చాను. నర్సమ్మ వచ్చి, ఇద్దరం ఏడుస్తుంటే ఏమైందోనని కంగారుపడింది.

నెలల తర్వాత, నడుముకు బెల్టుతో, కర్రతో ఇంటికి పంపారు. ఇంజెక్షన్లు ఇంకొంతకాలం మందమర్రిలోనే వేయించుకోమన్నారు. ఆస్పత్రిలో ఉన్నప్పటి నుంచే చెవుల్లో సన్నగా గుయ్యిమని ఒక చప్పుడు ఉండేది. అది ఫ్యాను చప్పుడే అనుకున్నాను. ఇంటికొచ్చాక ఇంటి ఫ్యాను చప్పుడనుకున్నాను. ఒకరోజు పగలు కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. చప్పుడు ఆగలేదు.

మళ్లీ హైదరాబాద్ పోయాం. చెవులకు యంత్రం పెట్టి ఆడియోగ్రామ్ తీశారు.

"ఇంజెక్షన్ సైడ్ ఎఫెక్ట్. మాటలు వినపడతాయి, కీచుమనే సన్నటి శబ్దాలు వినపడవు. నడకలో కాస్త తూలుడు కూడా ఉంటుంది. చప్పుడు మొదలైనప్పుడే చెప్పాల్సింది, మందు మార్చేవాళ్లం" అన్నారు డాక్టరు. ఇంజెక్షన్లు ఆపి, గోలీలు మార్చారు. పోయింది మాత్రం తిరిగి రాదన్నారు.

సన్నటి శబ్దాలే కదా, పోతే పోయాయి అనుకున్నాను. నాకు కావలసింది నడుము. కోర్సు పూర్తయ్యాక ఎక్స్‌రే చూసి, "ఎముక అతుక్కుంది. మెల్లగా ఆడొచ్చు" అన్నారు. సుగుణ మొక్కు తీర్చడానికి కొండగట్టుకు తీసుకుపోయింది. అక్కడ మెట్ల మీద తూలి ఆమె భుజం పట్టుకున్నా, మనసులో మాత్రం కోర్టు మీద పరుగెడుతున్నాను.

తిరిగి ఆడిన మొదటి ప్రాక్టీసు మ్యాచ్‌లో బంతి అందుకుని, ఇద్దరిని తప్పించుకుని పోయి బుట్టలో వేశాను. సంతోషంతో వెనక్కి తిరిగితే తొమ్మిదిమందీ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఎప్పుడో విజిల్ పడింది. నాకు వినపడలేదు.

కొందరు నవ్వారు. మల్లేశ్ నవ్వలేదు. నేను ఆస్పత్రి నుంచి వచ్చాక వాడు నా ఎదుటపడటం అదే మొదలు. ఆ రోజు నుంచి విజిల్ పడ్డప్పుడల్లా వాడు నాకు కనపడేలా చెయ్యి ఎత్తేవాడు. కానీ నేను బంతిని చూడాలా, వాడి చేతిని చూడాలా? నేను కావాలనే ఆగడం లేదనుకుని రిఫరీలు ఫౌళ్లు ఇచ్చారు. వేగంగా తిరిగితే కోర్టు కూడా నాతోపాటు తిరిగేది. కొన్నాళ్లు పెనుగులాడి, బూట్లు విప్పేశాను. ప్రాణం పోయినట్టే అనిపించింది. కాళ్లు పోతాయనుకుంటే కాళ్లు వచ్చాయి, ఆట పోయింది.

ఆటల ఇన్‌ఛార్జి సారు, "కాలనీ ఆడపిల్లల టీముకు కోచ్ లేడు, నువ్వుండు" అన్నారు. ఇష్టంగా పోలేదు. వేరే దారిలేక పోయాను. మొదటి ఏడాదంతా ఆ పిల్లలు ఎగురుతుంటే చూడలేక ముఖం తిప్పుకునేవాణ్ణి. తర్వాత మెల్లగా, ఎగరడం కన్నా దిగడం నేర్పాలని తోచింది. మోకాళ్లు వంచి, మెత్తగా దిగమని అరవడమే నా పనయింది. విజిల్ ఊదే పని మల్లేశ్ తీసుకున్నాడు.

ఇప్పుడు పంతొమ్మిదివందల తొంభైల్లో ఉన్నాం. పొద్దున లేస్తే నడుము తిన్నగా కావడానికి సమయం పడుతుంది. చెవుల్లో చప్పుడు అలాగే ఉంది. ఈ ఒంటిని మోసుకు తిరగడమంటే ఒక్కోసారి నాకే విసుగు.

కిందటేడు మల్లేశ్ మా టీములోని స్వరూపను, వాళ్లమ్మను వెంటబెట్టుకుని కోర్టుకు వచ్చాడు. పిల్లకు నడుము నొప్పి. తన్నమని వాళ్లమ్మ వాడి ఇంటికి తీసుకుపోయింది.

"నేనైతే కాలు వెట్ట అన్నా. నువ్వే అడుగు" అన్నాడు.

"బిడ్డా, పొద్దుమూకంగ జ్వరమొస్తుందా?" అన్నాను.

"జ్వరం కాదు సార్. ఆడితే ఒళ్లు వేడైతది గద."

నా మాటే. ఆ మధ్యాహ్నమే ఎక్స్‌రే తీయించాం. అదే జబ్బు, కానీ అప్పుడప్పుడే మొదలవుతోంది. "తొందరగా తెచ్చారు, గోలీలతోనే పోతుంది" అన్నారు డాక్టరు. అయినా స్వరూప కనపడ్డప్పుడల్లా చెవిలో చప్పుడుందా అని అడిగేవాణ్ణి. "నాకు సూదులే లేవు సార్! మీరడుగుడే చప్పుడైతుంది" అని ఆ పిల్ల విసుక్కునేది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. ఒంట్లో కొత్తగా ఏది వచ్చినా, సాయంత్రం జ్వరమైనా చెవిలో రొదైనా, దానికి మీరే ఒక కారణం చెప్పుకుని ఊరుకోకండి. అడిగినా అడగకపోయినా డాక్టరుకు చెప్పండి.

మొన్న స్వరూప మళ్లీ మ్యాచ్ ఆడింది. నేను, మల్లేశ్ బెంచీ మీద కూర్చున్నాం. బంతి తీసుకుని బుట్ట వైపు పరుగెడుతోంది. రిఫరీ బుగ్గలు ఉబ్బాయి. పక్కన మల్లేశ్ అలవాటుకొద్దీ చెయ్యి ఎత్తాడు. నేను ఆ చెయ్యి వైపు తిరగలేదు, పిల్లనే చూస్తున్నాను. ఆమె అప్పటికే విజిల్ విని ఆగిపోయి ఉంది.