నాయనకు చూపెట్టాలనుకున్న మెరుపు

ఆకాశంలో కదిలే ప్రతిదాన్నీ ఏరోప్లేన్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఏరోప్లేన్ లైట్లు ఆరి వెలుగుతుంటాయి. చుక్క ఉన్నచోటే మినుకుమంటుంది. శాటిలైట్ అట్ల కాదు, నున్నగా జారిపోతా ఉంటుంది. కింద చీకటి పడినా అంత ఎత్తులో దాని రేకుకు ఎండ తగిలిందంటే, ఎదురొచ్చే బస్సు అద్దం కళ్లలో కొట్టినట్టు ఒక్కసారి భగ్గుమని, అంతలోనే ఆరిపోతుంది. ఆ మెరుపు మా నాయనకు ఒక్కసారన్నా చూపెట్టాలని నా తాపత్రయం.

నాయనది కొనకనమిట్ల పక్క పల్లె. గొర్రుకొయ్యలు, పిల్లలకోడి అనే చుక్కల గుంపులు చూసి, మడక కట్టి దున్నే పొద్దు చెప్పిన మనిషి. నీటికాసులొచ్చి చూపు పక్కల నుంచి మూసుకుపోతా ఉంటే, వైద్యానికని మార్కాపురంలో మా ఇంటికి తెచ్చుకున్నా. పోయిన చూపు రాదమ్మా, ఉన్నది ఎన్నాళ్లుంటదో చెప్పలేం అన్నాడు డాక్టరు. అందుకే నా తొందర.

నా తొందర ఆకాశానికి పట్టాలి కదా! వాన కోసం మొత్తుకునేటప్పుడు ఒక్క మబ్బు రాదు గానీ, నేను మిద్దె ఎక్కితే చాలు, నల్లమల మీద నుంచి దండుగా దిగబడతాయి. ఇంకోసారి, శాటిలైట్ ఎప్పుడు ఎటు మెరుస్తుందో చెప్పే ఆప్ ఫోన్లో ఉత్తరం అనింది, అదేమో నా వీపు వెనక మెరిసిపోయింది. మరోసారి నాయన చెప్పుల కోసం తడుముకునే లోపలే అయిపోయింది. "మెరిసిందంటివే, ఏదమ్మా?" అంటాడు. ఏం చెప్పేది, నా తలకాయ!

చివరికి బాగా వెలిగేది ఒకటుందని ఆప్ చెప్పింది. అది ఏ రోజు పడిందనుకున్నారు? వినాయకచవితి సాయంత్రం. ఆ పూట చంద్రుణ్ణి చూస్తే చెయ్యని తప్పుకు నింద పడుతుంది కదా, నాయన తల ఎత్తడు. ఎప్పుడో ఒక చవితికి చూసినందుకే పక్క చేను మోటరు దొంగతనం తన మీద పడిందని ఇప్పటికీ నమ్ముతాడు.

"పొద్దున కథ విన్నావు, అక్షింతలు వేసుకున్నావు, ఇంకా భయమేంది నాయనా?" అని పోట్లాడినా.

"నీ మొండితనం పాడుగాను, పద" అని లేచినాడు.

చంద్రుడు పడమరన ఉన్నాడు. నాయన్ని ఉత్తరానికి తిప్పి, తుండుగుడ్డ ఎడమ చెంపకు అడ్డంగా కప్పి నిలబెట్టినా. వచ్చింది! "అదిగో నాయనా, వేపచెట్టు పైన! చూడు, చూడు!" అని అరిచినా. నాయన తల అటూ ఇటూ తిప్పుతా వెతుకుతున్నాడు. తుండుగుడ్డ జారిపోయింది. మెరుపు ఆరిపోయింది. ఈసారి కూడా పాయె! నాకు ఏడుపొక్కటే తక్కువ.

"ఆఁ, దొరికిందమ్మా!" అన్నాడు నాయన. "ఎంత తెల్లగుందో! అంతలోనే ఆరిపోతదంటివే, నాకోసం ఆగినట్టుందే."

ఆయన మొహం పడమరకు తిరిగి ఉంది. ఇన్నేళ్లు తప్పించుకుని తిరిగిన చవితి చంద్రుణ్ణి నాయన కళ్లారా చూస్తున్నాడు, గుర్తుపట్టలేక. చూపు ఇంత పోయిందా, నాకు తెలియకుండా?

"అదే కదమ్మా?"

"అదే నాయనా" అన్నా.

కిందికి దిగినాక, దేవుడి దగ్గర మిగిలిన అక్షింతలు తెచ్చి ఆయన నెత్తిన వేసినా. "పెద్దోళ్ల నెత్తిన చిన్నోళ్లు వేస్తారా ఎక్కడన్నా?" అని నవ్వినాడు. పడే నింద ఏదన్నా ఉంటే నా మీదనే పడాలని మొక్కుకుని, ఇంకో గుప్పెడు వేసినా.