మార్తక్క చిలకకు ఇకపై నేనే పెడతాను

మన చర్చి గ్రూపులో నేను ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. మీరు పెట్టే వాక్యాలకు ఆమేన్ అని పెట్టడం తప్ప.

ఈరోజు రాస్తున్నాను. మార్తక్క నా కోసం దాచిన సంగతి ఒకటి ఉంది. ఆమె ఉండగా చెప్పుకోలేకపోయాను.

నిన్న పొద్దున అంట్లు తోముతుంటే ఫోన్ వచ్చింది. మార్తక్క నిద్రలోనే పోయిందన్నారు.

ఏ మార్తక్క అని అడిగాను.

బద్వేలులో నాకు తెలిసిన మార్తక్క ఒక్కతే. అయినా అడిగాను.

ఆదివారమే నా జాకెట్ చేతులు వదులు చేసి ఇచ్చింది.

ఆమె కుట్టుమిషన్ పక్కనే దావీదు పంజరం. కడపలో కొన్న చిన్న చిలక, తల మీద పసుపు కుచ్చు. కీర్తనల దావీదులా పొద్దున్నే ఈల వేసి పాడుతుందని ఆ పేరు పెట్టుకుంది.

పోయినేడు మా చేని చెనక్కాయలు కుప్ప మీద ఉండగానే వాన పడింది. ఎండబెట్టి ఒక సంచి అక్కకు తీసుకుపోయాను. ఆమె లోపల టీ పెడుతుంటే, దావీదుకు నాలుగు గింజలు ఒలిచి పెట్టాను.

మూడో రోజుకు అది ఈకలు ఉబ్బించుకుని మూల కూర్చుంది. పాట లేదు. అక్క పంజరంతోనే బస్సెక్కి కడపలో డాక్టరుకు చూపించింది. బూజు పట్టిన చెనక్కాయ చిలకకు విషం, లివర్ దెబ్బతింటుంది అన్నాడంట ఆయన.

"నేనే పెడితినక్కా. మా చేనివే కదా. నాలుగు గింజలకు ఏమైతాది అనుకుంటి" అన్నాను.

"దాని కడుపు ఎంతుంటాది సుగుణా? నీ బొటనవేలంత లేదు. నీకవి నాలుగు గింజలు, దానికి కడుపు నిండా కూడు."

ఒక కాయ ఒలిచి నా ముక్కు దగ్గర పెట్టింది. ముక్కిన వాసన. గింజ మీద పచ్చగా బూజు.

"ప్రేమతోనే పెట్నావు, నాకు తెల్దా. ఈసారి వాసన చూసి పెట్టు."

పది రోజులు చుక్కచుక్క మందు పోసి బతికించుకుంది. దానికేం పెట్టావని అందరూ అడిగితే, నేనే చూసుకోలేదు అంది. నా పేరు ఎత్తలేదు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.

నిన్న ఆ ఇంటికి పోయేసరికి దావీదు గిన్నెలో టీలో ముంచిన బన్ను, కారం మిక్చర్. వచ్చినవాళ్ళు జాలితో వేసినవే. తీసి పారేశాను.

అక్క తమ్ముడు శామన్న, "ఉండనీలేమ్మా, ఈ ఒక్క దినానికి ఏమైతాది" అన్నాడు.

"నేను పెట్టిందీ ఒక్క దినమే అన్నా."

అందరి ముందూ చెప్పేశాను.

సాయంత్రం సమాధి దగ్గర నుంచి వచ్చాక, పంజరం తలుపు తీసి ఎగరేద్దామన్నాడు శామన్న. అది పుట్టిందే పంజరంలో. బయట తిండి వెతుక్కోవడం రాదు. కాకులు బతకనీవు.

"వద్దన్నా. నాతో పంపించు."

"నీకు ఇంత గొంతు ఉండాదని ఈ పొద్దే తెలిసె సుగుణమ్మా" అన్నాడు. పంజరం ఆయనే మోసుకొచ్చి మా ఇంట్లో పెట్టిపోయాడు.

ఇక అక్క పెట్టినట్టే పెడతాను. కొర్రలు, సజ్జలు కొంచెం. బాగా కడిగిన మునగాకు, తోటకూర, క్యారెట్ తురుము. చిన్న జామ ముక్క, యాపిల్ అయితే గింజలు తీసేసి. మన ఎండకు కోసిన పండు ఊరికే చెడుతుంది, గంటకే గిన్నె ఖాళీ చేయాలి. నీళ్ళు పూటపూటకూ మార్చాలి.

ఉప్పు, నూనె, టీ, చాక్లెట్ దాని దగ్గరికి రానివ్వను. ఉల్లిపాయ, అవకాడో కూడా కూడదని అక్క చెప్పేది. చెనక్కాయ మాత్రం నా చేతితో ఇంకెప్పుడూ పెట్టను.

పొద్దున్నుంచి అది ఏమీ ముట్టలేదు. కడపకు పోదామని సంచి కూడా సర్దుకున్నాను.

మధ్యాహ్నం, అక్క మిషన్ తొక్కుతూ తీసే కూనిరాగం మెల్లగా తీశాను. ఒక కొర్ర కంకి వాసన చూసి అందించాను.

రెండు గింజలు ఒలుచుకుంది.

మళ్ళీ రెండు.

ఇది మీ దగ్గరే ఉంచుకోండి. ఇంకో గ్రూపుకు పంపకండి. అక్క దాచినదాన్ని నిన్న ఆ ఇంట్లో ఉన్నవాళ్ళకు, ఈరోజు మీకు మాత్రమే చెప్పాను.

పోయిరా అక్కా. వాసన చూసే పెట్టాను. ప్రభువు దగ్గర నెమ్మదిగా ఉండు.