డేరాల గీసిన గీత

రాస్తున్నవా బిడ్డా? నేను జెప్పింది జెప్పినట్టే రాయి, సక్క జెయ్యకు. నువ్వు అడివికి పోతమని తెచ్చిన డేరా నిన్న డాబా మీద వేసినవ్ గద, నేను ముక్కు దగ్గెర వెట్టుకుంటె నవ్వినవ్. ఏం జెయ్యాలె, దానికి వాసనే లేదు. సంచిల ముద్ద జేస్తె చేతుల వట్టేటంత ఉన్నది. నాకు డేరా అంటె మైనం వాసన రావాలె, తడిసిన పత్తిగుడ్డ వాసన రావాలె. గా వాసనల అమీనా ఖాలా ఉంటది.

మీ తాతను చేసుకోకముందు నాకొక పెండ్లైంది, నీకు ఎర్కలేదు. ఆయన బోధన్‌ల చెరుకుబండ్లు తూకం వేసే కాడ పని జేస్తుండె. జరమొచ్చి పోయిండు, ఏడాది గూడ నిండలే. నాకు పందొమ్మిదేండ్లు. ఆంధ్ర, తెలంగాణ కలిసి రెండు మూడేండ్లయి ఉంటది. ఆ ఊర్ల ఉండబుద్ధి గాక నిజామాబాద్ వచ్చి, కంఠేశ్వర్‌ల ఒక్క అర్ర కిరాయికి తీస్కొని బీడీలు చేసుకుంటున్న. మోర్తాడ్ నుంచి మా అన్న వచ్చిండు. "ఒక్కదానివి ఎట్లుంటవ్ చెల్లె? ఇంటికి రా, పసుపు ఉడకవెట్టేటప్పుడు మీ వదినెకు ఆసరైతవ్" అన్నడు. ఆసర అంటె ఏందో నాకు ఎర్కే. పోతె జన్మంత వాళ్ల పసుపు ఉడకవెట్టుడే. ఉందామంటె పొద్దుగూకంగనే ఆ అర్ర నన్ను మింగుతున్నది. "వానలు వడ్డంక జెప్త అన్నా" అన్న.

ఎదురింట్ల అమీనా ఖాలా, నాకు చిన్నమ్మ లెక్క, డేరాలు కుడుతుండె. వాళ్ల బాపు పులుల షికారు పోయే నవాబులకు కుట్టిండట. రెండు పొరలు, లోపట పచ్చగుడ్డ, ఒక్క డేరాకు రెండు ఎడ్లబండ్లు. ఖాలా కాలం వచ్చేవరకు నవాబులు లేరు, షికార్లు లేవు. కాలువలు కొలిచేటోళ్లు, అడివి కాసే జంగ్లాతోళ్లు కొంటుండ్రి, ఇద్దరు పండేటియి, ఒక్క మనిషి మోసేటియి. ఆమె మొగడు ఔరంగాబాద్ పోయి ఆడ్నే ఇంకో సంసారం వెట్టిండు. ఒక్కతే వండుకునేది, ఒక్కతే నవ్వుకునేది. నా చేతులు సూసి, "బీడీల వేళ్లు మంచిగున్నయ్, దబ్బనం వట్టు" అన్నది. అరచేతికి తోలుముక్క కట్టి, దారానికి మైనం రుద్దుడు నేర్పింది. మొదట్ల నా కుట్టు సూసి, "గంగూ, గిది కుట్టా, కోడి కెలికిందా?" అని మొత్తం ఇప్పిచ్చేది.

ఆమెకొక కట్టుబాటు ఉండె. కొత్త డేరా ఇచ్చేముందు ఒక్క వానల నానాలె. నానితెనే దారం ఉబ్బి సూదిరంధ్రాలు మూసుకుంటయి. ఏ కుట్టు కారుతదో సూడనీకి కుట్టినామెనే లోపట కూసోవాలె, ఒక్కతే.

నేను కుట్టిన మొదటి డేరా ఆమె వాకిట్ల వేసినం. పగటీలి వాన మొదలైంది. "ఖాలా, నువ్వు గూడ రా" అన్న.

"నేను కుట్టిన్నా? పో. బట్టను మాత్రం ముట్టకు."

కొంచెంసేపు కుట్లన్ని కారినయి. సూస్తుండంగనే ఒక్కొక్కటి మూసుకున్నయి. ఎంత సంబురమైందో బిడ్డా, "సూసినవా" అనుకుంట పక్కకు తిరిగిన. పక్కన ఎవ్వలు లేరు. ఆయన పోయినంక అంత ఒంటరిగ ఎన్నడు అనిపియ్యలే. తెల్వకుండనే చెయ్యి మీది బట్టకు పోయింది. అవుతలి దిక్కు నుంచి వాన నా అరచేతికి తాకింది, మనిషి చెయ్యి లెక్క. చెయ్యి తీసిన్నో లేదో, ముట్టుకున్న కాడికెల్లి టపటప ఒళ్లె కారుడు వెట్టింది. కొంగుతోని తుడిస్తె ఇంకింత కారుతున్నది. "ఖాలా, డేరా ఖరాబు జేసిన" అని ఏడ్సిన.

చూరు కింద నిలవడి అడిగింది, "ముట్టుకున్నవా?"

"ముట్టుకున్న."

"అందరు ముట్టుకుంటరు. నేను గూడ ముట్టుకున్న. తుడ్వకు. గా తడి మీద వేలు వెట్టి కింది అంచుదాంక గియ్యి. నడుమల లేపకు."

గీసిన. నీళ్లు నా వేలెంట జారి మట్టిల కలిసినయి.

"కారుతున్నదా?"

"కారుతలేదు ఖాలా. పోతున్నది."

"పోనీ. నువ్వు కూసో."

వాన ఎలిసేదాంక కూసున్న. ఒక్కదాన్నే.

నెల దినాలకు అన్న మళ్ల వచ్చిండు. "సామాన్లు సదురుకున్నవా?" అన్నడు. రాను అన్న. "ఒక్కదానివా?" అన్నడు. "ఒక్కదాన్నే" అన్న. మంచినీళ్లు తాగకుండనే పోయిండు. మీ తాతను చేసుకునేదాంక గా అర్రల తొమ్మిదేండ్లు ఉన్న. ఖాలాకు కండ్లు మసకైనంక హైద్రాబాద్‌ల ఉన్న చెల్లె తోల్కపోయింది. సచ్చిపోయిన సంగతి నాకు రెండు నెలలకు తెలిసింది.

మీ తాత పోయినంక గూడ నేను ఏదన్న జెప్పుదామని పక్కకు తిరుగుత. అలవాటు. నిన్న డాబా మీద వాన వడ్తుంటె నన్ను గీ డేరాల కూసవెట్టి, "అమ్మమ్మా, ఎంత ముట్టుకున్నా గిది కారదు" అని నువ్వు చాయ్ తేనీకి పోయినవ్. నేను ముట్టుకొని సూసిన. నిజమే, కారలే. అయినా నా వేలు కింది అంచుదాంక పోయొచ్చింది.